కచేరీ తర్వాత మిగిలిన పొద్దు

పొద్దున్నే పాలు కాచింది మొదలు రాత్రి తోడుపెట్టి వంటిల్లు సర్దుకునే దాకా మన నోట ఎక్కువసార్లు వచ్చే మాట ఏదో ఒకసారి లెక్క చూసుకోండి. టైం లేదు అన్న మాటే అయి ఉంటుంది. పక్కింటావిడ పిలిస్తే టైం లేదు, చదవాలనుకున్న నవల బీరువాలోంచి తీయడానికి టైం లేదు, పెళ్ళికి ముందు నేర్చుకున్న వీణ మీద దుమ్ము దులపడానికి కూడా టైం లేదు. ఇందులో అబద్ధమేమీ లేదు. నిజంగానే ఉండదు. అయినా ఎప్పుడైనా మధ్యాహ్నం ఓ గంట ఖాళీ దొరికితే అది ఎలా పోయిందో మనకే తెలియకుండా పోతుంది, అదీ నిజమే.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు మా కడపతో ముడిపడిన ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన తెలుగువాడు కాదు. ఆయన ఉద్యోగానికీ, మనం ఈనాడు ఆయన్ను తలుచుకోవడానికీ సంబంధం దాదాపు లేదు. జీతం ఇచ్చిన పని వేరు, పేరు తెచ్చిన పని వేరు. ఆ రెండో పని అంతా కచేరీ వేళలు అయ్యాక మిగిలిన పొద్దులో చేసిందే. ఆయనే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. మనవాళ్ళ నోట్లో బ్రౌన్ దొర.

ఇష్టం లేని పాఠం

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, భాషలంటే ప్రాణం పెట్టే మనిషి. పిల్లలకు చిన్నప్పటినుంచే రకరకాల భాషలు నేర్పించాడు. ఆ తండ్రి 1812లో పోయాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు పూర్తి చేసుకుని, 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి ఆయనకు నిండా పంతొమ్మిదేళ్ళు లేవు.

ఆ వయసుకు తెలుగు అక్షరం ముక్క రాదు. మద్రాసులోని సెయింట్ జార్జి కోట కాలేజీలో కొత్తగా వచ్చిన కుర్ర దొరలకు దేశభాషలు నేర్పేవారు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు గురువు. అప్పట్లో దొరలకు తెలుగు నేర్చుకోవడం అంటే పరీక్ష గట్టెక్కడానికే. పాసైతే ఉద్యోగం, తర్వాత ఆ పుస్తకాలను మళ్ళీ ముట్టుకునేవాళ్ళు తక్కువ. మనం డిగ్రీ పుస్తకాలను అటక మీద పడేసినట్టే అన్నమాట.

1820లో పరీక్ష అయింది. అప్పుడే మద్రాసు గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, పాలించేవాళ్ళకు ప్రజల భాష రాకపోతే న్యాయం చేయలేరని గట్టిగా నమ్మినవాడు. మన సీమకు మన్రో కొత్త కాదు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు పెద్ద కలెక్టరుగా ఊరూరా గుర్రం మీద తిరిగాడు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి పోయిందీ ఆయనే. ఆ మన్రో మాటలు యువకుడైన బ్రౌన్ మనసులో నాటుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టులోనే కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా పోస్టింగు వచ్చింది.

కడపలో ఆయనకు ఒక సంగతి తెలిసొచ్చింది. పరీక్ష పాసైన తెలుగు ఒకటి, కచేరీ ముందు చెట్టు కింద కూర్చున్న రైతు మాట్లాడే తెలుగు ఇంకొకటి. కలెక్టరు హాన్‌బరీ మాత్రం జనంతో తెలుగులోనే మాట్లాడేవాడు. తను మాట్లాడలేకపోతున్నానని బ్రౌన్‌కు పట్టుదల వచ్చింది. అక్కడ మొదలైంది ఆయన రెండో పని.

చెదలు తింటున్న ఆస్తి

1822లో బ్రౌన్‌కు మచిలీపట్నం బదిలీ అయింది. అక్కడుండగా 1824లో డ్యుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన పేరు చూశాడు. ఆశ్చర్యం చూడండి. వేమన గండికోట సీమలో తిరిగాడంటారు, కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉందంటారు. కడపలో పనిచేసి వచ్చిన మనిషికి ఆ వేమన సంగతి ఒక ఫ్రెంచి పుస్తకం ద్వారా తెలిసింది! ఎందుకంటే పండితులు వేమనను కవుల లెక్కలో వేసేవారు కాదు. పశువులు కాసేవాళ్ళకూ, మగ్గం నేసేవాళ్ళకూ, దంపుళ్ళ దగ్గర ఆడవాళ్ళకూ నోటికొచ్చే పద్యాలు గొప్ప సాహిత్యం ఎలా అవుతాయని వాళ్ళ అభిప్రాయం.

బ్రౌన్ ఊరూరికీ మనుషులను పంపి వేమన పద్యాలున్న తాటాకు ప్రతులను తెప్పించడం మొదలుపెట్టాడు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఉండదు, ఉన్నా మాటలు మారిపోయి ఉంటాయి. అన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసి, ఇంగ్లీషు అనువాదంతో సహా 693 పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. పదేళ్ళ తర్వాత 1839లో 1164 పద్యాలతో మళ్ళీ వేశాడు. ఈనాడు మన పిల్లలు ఒకటో తరగతిలో వేమన పద్యం అప్పజెబుతున్నారంటే, దాని వెనక ఈ తాటాకుల మోత ఉంది.

తాటాకు పుస్తకం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు ఈ పనిలో ఉన్న కష్టం తెలుస్తుంది. గంటంతో ఆకు మీద గీస్తారు, ఆపైన మసి పూసి తుడిస్తేగాని అక్షరం కనిపించదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. పాదం ఎక్కడ ముగిసిందో చదివేవాడే తెలుసుకోవాలి. నకలు రాసేవాడు ఒకసారి తప్పు రాస్తే ఆ తప్పు తరతరాలకూ సాగుతుంది. ఇవి కాక చెదలు, పురుగులు, వానలకు కారే మిద్దెలు. నన్నయ, తిక్కన, పోతన, పెద్దన అందరూ అప్పటికి ఈ ఆకుల మీదే ఉన్నారు. ఆకు పోతే కావ్యం పోయినట్టే. ఒక తరం పట్టించుకోకపోతే చాలు, ఏం పోయిందో కూడా తర్వాతివాళ్ళకు తెలియదు.

కడప బంగళాలో సందడి

బ్రౌన్ 1826లో మళ్ళీ కడప వచ్చాడు. ఇక్కడ పదిహేను ఎకరాల తోటతో ఉన్న ఒక బంగళా కొన్నాడు. ఒంటరి మనిషి, పెళ్ళి చేసుకోలేదు. అంత ఇల్లు ఎందుకయ్యా అంటే, తనకోసం కాదు. పండితులకోసం, నకలు రాసే లేఖకులకోసం. దాన్ని జనం బ్రౌన్ కాలేజీ అనేవారు. మేనేజరు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులు వేర్వేరు కాలాల్లో ఆయన దగ్గర పనిచేశారు. వాళ్ళందరికీ జీతాలు కంపెనీ ఇవ్వలేదు, బ్రౌన్ తన జేబులోంచే ఇచ్చాడు. జీతం చాలక అప్పులు కూడా చేశాడు.

అక్కడ పని జరిగే తీరు చూడండి. ముందు ఒకే కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పిస్తారు. ఒక లేఖకుడు కాగితం మీద శుభ్రంగా నకలు రాస్తాడు. రాసిన పుటకు ఎదురు పుట ఖాళీగా వదులుతాడు. పద్యాలకు వరసగా నంబర్లు వేస్తారు. తర్వాత పండితులు కూర్చుని ఒక్కో ప్రతినీ దాంతో సరిపోల్చి, తేడాలన్నీ ఖాళీ పుటలో గుర్తుపెడతారు. అప్పుడు మొదలవుతుంది వాదన. ఈ మాట సరైందా, ఆ మాటా? ఛందస్సు దేనికి కుదురుతుంది, అర్థం దేనికి పొసగుతుంది? తేలాక ఆ పాఠం ఖాయం చేసి, మళ్ళీ శుభ్రమైన నకలు తీస్తారు. ఆపైన పండితులచేత వ్యాఖ్యానం రాయించడం. జూలూరి అప్పయ్య శాస్త్రి వ్యాఖ్యానంతో మనుచరిత్ర 1851లో అచ్చయింది.

నాకు ఇందులో ముచ్చటగా అనిపించేది ఆ ఖాళీ పుట. ఎదుటివాడు చెప్పబోయేదానికి ముందుగానే చోటు వదిలిపెట్టడం అది. నలుగురితో కలిసి పనిచేయడం అంటే నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టడం కాదు కదా! నాకు తెలియంది నీకు తెలుసని ఒప్పుకుని, దానికి చోటిచ్చి, దానికి తగ్గ కూలీ ఇవ్వడం. బ్రౌన్ తన పండితుల పేర్లు దాచిపెట్టలేదు. అందుకే రెండువందల ఏళ్ళ తర్వాత కూడా మనం వాళ్ళను పేరుపెట్టి తలుచుకోగలుగుతున్నాం.

మరి ఆయన ఒంటరిగా చేసిన పనో? అది కూడా తక్కువ కాదు. పండితులు పోయాక దీపం దగ్గర కూర్చుని అనువాదం రాసుకోవడం, ఛందస్సును ఇంగ్లీషువాళ్ళకు అర్థమయ్యేలా వివరించడం ఆయన పనే. 1827లో ఛందస్సు మీద పుస్తకం వచ్చింది, 1840లో వ్యాకరణం వచ్చింది. పగలు నలుగురిలో పోగుచేసింది రాత్రి ఒంటరిగా కూర్చుంటేనే పుస్తకం అవుతుంది. ఒంటరిగా మాత్రమే కూర్చుని ఉంటే రాయడానికి సరుకే ఉండేది కాదు. ఈ రెండిట్లో ఒకటి చాలనుకునేవాళ్ళు మనలో ఎక్కువ. ఎప్పుడూ మనుషుల మధ్యే ఉండేవాళ్ళకు తమ పని పూర్తికాదు, ఎప్పుడూ తలుపు వేసుకునేవాళ్ళకు అది ఎండిపోతుంది.

కరువును కరువు అన్నందుకు

అన్నీ కలిసొచ్చాయని అనుకోకండి. 1832-33లో గుంటూరు సీమలో భయంకరమైన కరువు వచ్చింది. నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ ఇప్పటికీ పెద్దలు చెప్పుకుంటారు. ఆ సమయంలో బ్రౌన్ అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. దారిపక్కన శవాలు పడి ఉన్న చోటు నుంచి పైవాళ్ళకు రాసిన కాగితాల్లో ఆయన దాన్ని కరువు అనే రాశాడు. ప్రభుత్వానికి ఆ మాట గిట్టలేదు. కాస్త ఎద్దడి అంటే సరిపోయేదిగా, అంత పెద్ద మాట ఎందుకన్నది వాళ్ళ కోపం. ఒక మాటకు అర్థం ఏమిటో జీవితమంతా వెతికిన మనిషి, సరైన మాట వాడినందుకు చీవాట్లు తిన్నాడు.

కరువు అంటే ఏమిటో సీమవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వానకోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పిపుట్టిన నేల ఇది. కాబట్టి ఆ ఒక్క మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో మనకు తెలుస్తుంది.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్ళిపోయాడు. నెత్తిన అప్పులు, చేతిలో పని లేదు. ఇలాంటప్పుడు మనిషి కుంగిపోయి కూర్చుంటే తప్పుపట్టలేం. బ్రౌన్ లండన్‌లో ఇండియా హౌస్ లైబ్రరీకి వెళ్ళాడు. ఎవరూ చదవని దక్షిణాది భాషల రాతప్రతులు అక్కడ మూలపడి ఉన్నాయి. అవి చదివేవాళ్ళు మద్రాసులో ఉన్నారుగానీ లండన్‌లో లేరని వాదించి, వాటిని మద్రాసుకు పంపించే ఏర్పాటు చేశాడు. బలవంతంగా వచ్చిపడిన ఖాళీని కూడా ఆయన అలా వాడుకున్నాడు.

1837లో మళ్ళీ కంపెనీ కొలువు దొరికింది. పర్షియన్ అనువాదకుడిగా వచ్చాడు. తర్వాత తెలుగు అనువాదకుడు, పోస్ట్‌మాస్టర్ జనరల్ వంటి పదవులు చేశాడు. రెండో పని మాత్రం మద్రాసులోనూ మానలేదు.

సంకటి ఉన్న నిఘంటువు

ఆ పనికి పెద్ద ఫలం 1852లో వచ్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. దానికి జోడీగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. 1854లో, తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, పారసీ, ఇంగ్లీషు వంటి పరభాషా పదాలతో మిశ్ర నిఘంటువు.

వాటిలో గొప్ప ఏమిటంటారా? అప్పటిదాకా నిఘంటువు అంటే కావ్యాల్లో దొరికే మాటలకే చోటు. బ్రౌన్ జనం మాట్లాడుకునే మాటలను కూడా ఎక్కించాడు. కచేరీలో, సంతలో, పొలంలో, వంటింట్లో వినబడ్డ మాటలు. రోకలి ఉంది, చేట ఉంది, ఉట్టి ఉంది, మన సంకటి కూడా ఉంది. ఇవి గ్రంథాల్లో లేవు కదా అని పక్కన పెట్టలేదు. ఆ మాటలు ఎవరి నోట వచ్చాయో ఆలోచించండి. రోకలి పట్టినవాళ్ళు ఎవరు, చేటతో చెరిగినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేకపోయినా వాళ్ళ మాటలు మిగిలాయి.

ఆ నిఘంటువును కందుకూరి వీరేశలింగం తదితరులు సవరించి పెంచగా 1903లో కొత్త ముద్రణ వచ్చింది. ఇప్పుడైతే కంప్యూటర్‌లోనూ సెల్‌ఫోన్‌లోనూ చూసుకోవచ్చు. పిల్లలు ఏదైనా పాత తెలుగు మాటకు అర్థం అడిగితే, మీరు వెతికేది చాలాసార్లు ఆయన పుస్తకంలోనే.

దీనితోపాటు 1853లో అనంతపురం చరిత్రను రాజుల యుద్ధాలు అన్న పేరుతో వేశాడు. 1855లో తాతాచార్యుల కథలు. ఇవి నోటితో చెప్పుకునే కథలు, వాటికీ అచ్చులో చోటిచ్చాడు. రెండు వేలకు పైగా రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి తర్వాత ప్రాచ్య లిఖిత పుస్తకాలయానికి చేరాయి. సరిచేయించిన కావ్యాలన్నీ అచ్చు వేయించలేకపోయాడు, ఎన్నో రాతలోనే ఉండిపోయాయి. కానీ భద్రంగా ఉండిపోయాయి. మొదలుపెట్టినవన్నీ మనమే పూర్తి చేయలేకపోవచ్చు. తర్వాతివాళ్ళు అందుకునేలా సర్ది పెట్టడం మాత్రం మన చేతిలో పనే.

1855లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత 1865 ప్రాంతంలో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ప్రొఫెసరుగా పనిచేశాడు. అరవై ఏడేళ్ళ వయసులో, తెలుగు వినబడని ఊళ్ళో తెలుగు చెప్పాడు. 1884 డిసెంబర్ 12న కన్నుమూశాడు. సమాధి లండన్‌లో కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.

మన లెక్క

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. బ్రౌన్‌కు వంటవాడు ఉన్నాడు, నౌకర్లు ఉన్నారు. పిల్లల స్కూలు లేదు, అత్తమామల మందులు లేవు, పండగకు చుట్టాలు లేరు. ఆయన కచేరీ నుంచి రాగానే మిగిలిన పొద్దు మొత్తం ఆయనదే. మన పొద్దు అలా ముద్దగా దొరకదు. చిల్లర డబ్బులాగా ఐదు నిమిషాలు ఇక్కడ, పావుగంట అక్కడ పడి ఉంటుంది. ఆ పండితులు తిరిగి ఇంటికెళ్ళేసరికి వేడివేడిగా అన్నం వండిపెట్టిన ఇల్లాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళ కాలం కూడా ఆ పుస్తకాల్లో కలిసే ఉంది. కాబట్టి ఆయన్ను చూపించి, నువ్వెందుకు చేయలేవని ఏ ఆడదాన్నయినా అడిగితే అది న్యాయం కాదు.

కానీ ఆయన దగ్గర మనం తెచ్చుకోదగినవి ఉన్నాయి. ఒకటి, పని పేరు ముందే తెలిసి ఉండటం. బ్రౌన్‌కు ఈ సాయంత్రం ఏ కావ్యం, ఎన్నో పద్యం అన్నది తెలుసు, నంబరు వేసి ఉండేది. మనకు ఖాళీ దొరికినప్పుడు ఏం చేద్దామా అని ఆలోచించడం మొదలుపెడితే ఆ ఆలోచనతోనే ఖాళీ అయిపోతుంది. చదివే పుస్తకంలో చీటీ పెట్టుకుని, కుట్టే జాకెట్టుకు సూదీదారం సిద్ధంగా ఉంచుకుంటే, పావుగంట కూడా పావుగంట పని చేస్తుంది.

రెండోది, తోడు. అపార్ట్‌మెంట్‌లోనో వీధిలోనో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే పొద్దు పోవడం తేలిక. ఆ నలుగురిలో ఒకరికి పాటలు వచ్చు, ఒకరికి మందుల మొక్కలు తెలుసు, ఒకరికి లెక్కలు చెప్పడం వచ్చు. ఎవరికి ఏది వచ్చో అడగడానికి మాత్రం మనం చోటు వదలం. మా అమ్మమ్మకు దంపుళ్ళ పాటలు బోలెడు వచ్చేవి. ఆమె పోయే ముందు మా చిన్నమ్మ మధ్యాహ్నాలు పక్కన కూర్చుని ఒక నోటుపుస్తకం నిండా రాసుకుంది. ఆ పుస్తకంలో కూడా కొన్నిచోట్ల ఖాళీలున్నాయి, అమ్మమ్మకు మరుపు వచ్చిన చరణాలవి. ఇంకో ఊరి పెద్దావిడకు అవి గుర్తుండవచ్చని మా చిన్నమ్మ ఆశ.

మూడోది, ఇంట్లో అడగటం. బ్రౌన్ సమయాన్ని కాపాడింది నౌకర్లు. మనకు నౌకర్లు లేకపోతే ఇంటాయన ఉన్నాడు, ఎదిగిన పిల్లలున్నారు. సాయంత్రం అరగంట అమ్మను పిలవకూడదని ఇంట్లో ఒక మాట ఖాయం చేసుకోండి. మొదటి వారం పిలుస్తారు. రెండో వారం కూడా పిలుస్తారు. తర్వాత కాఫీ ఎలా పెట్టుకోవాలో వాళ్ళే నేర్చుకుంటారు.

కడపలో ఎర్రముక్కపల్లికి వెళ్తే బ్రౌన్ బంగళా ఉండిన చోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం కనిపిస్తుంది. ఆ బంగళా మొండి గోడలుగా మిగిలిన రోజుల్లో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసి దాన్ని నిలబెట్టారు. 2006 నుంచి అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. వేమన పద్యాలు పోగుచేసిన మనిషి పేరున్న కేంద్రం వేమన పేరున్న విశ్వవిద్యాలయం చేతిలోకి వచ్చిందన్నమాట! అక్కడ తాటాకులున్నాయి, పుస్తకాలున్నాయి, చదువుకునేవాళ్ళకు కుర్చీలున్నాయి. ఈసారి కడప వెళ్ళినప్పుడు దేవుని కడప దర్శనం అయ్యాక పిల్లలను వెంటబెట్టుకుని ఓ గంట అటు కూడా వెళ్ళి రండి.